కొండ ఖర్చు ఏ లెక్కలో?

హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి కొడికొండ చెక్‌పోస్టు దాటాక కర్ణాటకలో అడుగుపెడుతుంది. మొదట వచ్చే పట్టణం బాగేపల్లి. బోర్డుల మీది లిపి మారుతుంది, టీకొట్టు దగ్గర వినిపించే మాట మాత్రం తెలుగే. ఈ దారిన రెండు రకాల బరువు దక్షిణానికి పోతుంటుంది. తాడిపత్రి, ఎర్రగుంట్ల వైపు సున్నపురాతి గనుల పక్కన తయారైన సిమెంటు బస్తాలు ఒకటి. పేరేసంద్ర దగ్గరికి వచ్చేసరికి వాటితో కలిసే కంకర, రాతిని పిండి చేసి తీసిన ఎం-శాండ్ టిప్పర్లు రెండోది. చివరికి రెండూ చేరేది బెంగళూరుకే.

ఒక ఘనపు మీటరు కాంక్రీటు సుమారు 2,400 కిలోలు తూగుతుంది. అందులో సిమెంటు 300 నుంచి 400 కిలోలు, నీళ్ళు 150 నుంచి 180 లీటర్లు. మిగిలినదంతా, అంటే దాదాపు నాలుగింట మూడు వంతులు, రాయే. కొంత కంకరగా, కొంత ఇసుకగా పడుతుంది. ఏటి ఇసుక కరవైన ఈ ప్రాంతంలో ఆ ఇసుక కూడా కొండను పిండి చేస్తేనే వస్తోంది. కనుక బెంగళూరు ఉత్తరాన లేచే ప్రతి అంతస్తులోనూ చిక్కబళ్ళాపురం జిల్లా తాలూకు కొండ ముక్క ఒకటి ఉండే అవకాశం ఎక్కువ.

ప్రపంచంలో ఇంధనం వల్లా, పరిశ్రమల ప్రక్రియల వల్లా వెలువడే కార్బన్ డయాక్సైడులో సుమారు 37 శాతం భవనాలు, నిర్మాణాలదేనని ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2022లో చెప్పింది. ఒక్క సిమెంటు వాటాయే ఏడెనిమిది శాతం. ఈ లెక్కలు పెద్ద సభల్లో వినిపిస్తాయి. అవి తగ్గాలంటే ఏం మారాలో తెలుసుకోవడానికి బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం మధ్య తిరిగి చూస్తే చాలు. రోగం, మందు రెండూ ఇక్కడే ఉన్నాయి.

ప్లాటినం మార్కులు, పక్క జిల్లా రాళ్ళు

పురోగతి లేదనడం అన్యాయం. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, అమెరికా బయట లీడ్ హరిత భవన రేటింగులో ప్లాటినం గుర్తింపు పొందిన మొట్టమొదటి భవనంగా పేరు తెచ్చుకుంది. ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ పుట్టింది కూడా ఆ నగరంలోనే, 2001లో. ఆ ఒరవడి బెంగళూరును బలంగా తాకింది. దేవనహళ్ళి దగ్గర కెంపేగౌడ విమానాశ్రయం రెండో టెర్మినల్ 2022 నవంబరు 11న ప్రారంభమైంది. వెదురుతో తీర్చిన పైకప్పు, వేలాడే తోటలు, ప్లాటినం స్థాయి హరిత గుర్తింపు దాని విశేషాలు. కరెంటు పొదుపు, నీటి పునర్వినియోగం, పగటి వెలుతురు వంటి విషయాల్లో ఇరవయ్యేళ్ళ కిందటి భవనాలకూ ఇప్పటి వాటికీ పోలికే లేదు.

అయితే ఈ హరిత మార్కుల పట్టికలో చిక్కబళ్ళాపురం ఎలా కనిపిస్తుందో చూడాలి. కొన్ని వందల కిలోమీటర్ల లోపు దొరికిన సామగ్రి వాడితే అది స్థానిక సామగ్రి కింద లెక్క, దానికి మార్కులు ఉంటాయి. రవాణా తగ్గుతుంది గనుక ఆ నియమం సమంజసమే. ఆ లెక్కకు పేరేసంద్ర కంకర మేలిరకం సామగ్రి అవుతుంది. కానీ ఆ రాయి తీసిన గుంత ఎంత లోతు, పేలుడుకు పక్క ఊరి గోడలు బీటలు వారాయా, క్రషర్ దుమ్ము ఏ మల్బరీ తోట మీద పడింది అన్నవి ఆ పట్టికలోకి రావు. పట్టిక కొలిచేది దూరాన్నే. కొండ తాలూకు ఖర్చు రాసుకోవడానికి అందులో గడి లేదు. ఈ కథనం పట్టుబట్టి అడుగుతున్నది ఆ గడి గురించే.

2021 ఫిబ్రవరి 23 తెల్లవారకముందే గుడిబండ తాలూకా హిరేనాగవల్లి దగ్గర ఒక పేలుడు జరిగింది. క్వారీ కోసం అక్రమంగా నిల్వచేసిన జిలెటిన్ కడ్డీలను వదిలించుకునే ప్రయత్నంలో ఆరుగురు ముక్కలైపోయారు. అంతకు సుమారు నెల ముందు శివమొగ్గ దగ్గర హుణసోడులోనూ ఇలాంటి పేలుడులోనే ప్రాణాలు పోయాయి. కొన్నాళ్ళు దాడులు, అరెస్టులు, విచారణలు నడిచాయి. ఆ ఏడాదే ఆగస్టులో భారీ వానకు నంది కొండ దారిలో చరియ విరిగి రోడ్డు కొట్టుకుపోయింది. వాన తక్షణ కారణం. అయినా చుట్టూ జరుగుతున్న క్వారీ పేలుళ్ళను ఇంకెంతకాలం చూస్తూ ఊరుకోవాలన్న ప్రశ్న అప్పుడు ఊరూరా లేచింది.

చట్టం లేక కాదు. క్రషర్ల నియంత్రణకు కర్ణాటక 2011లోనే ప్రత్యేక చట్టం చేసింది. ఊళ్ళకూ రహదారులకూ దూరంగా సురక్షిత ప్రాంతాలు గుర్తించి అక్కడే క్రషర్లు నడపాలంటుంది అది. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లాలి, అడ్డుగోడలు కట్టాలి. నీళ్ళు చల్లమనే నియమం వెయ్యి అడుగులు తవ్వినా బోరు పడని జిల్లాలో ఎలా అమలవుతుందో ఊహించుకోవచ్చు. గ్రానైటు దుమ్ములోని సన్నటి సిలికా ఊపిరితిత్తుల్లో పేరుకుంటే వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. తరతరాలుగా రాతిపనే బతుకైన భోవి కుటుంబాలు, ఉత్తరాది నుంచి వచ్చిన వలస కూలీలు ఆ దుమ్ములోనే పనిచేస్తున్నారు. హరిత భవనం గురించి మాట్లాడేటప్పుడు వీళ్ళ ఊపిరి గురించి మాట్లాడకపోవడం పెద్ద లోటు.

రాతిని వాడటమే తప్పని అనుకోకూడదు. నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం 9వ శతాబ్దం నుంచి నిలబడి ఉంది, అంతా రాతితోనే. ఈ సీమలో బండ మీద మంట వేసి, వేడికి పొరలుగా విడిపోయేలా చేసి చప్పడి బండలు లేపే పద్ధతి ఉండేది. మందుగుండు అక్కర్లేదు. ఆ బండలే ఇళ్ళకు పైకప్పులు, కూసాలే స్తంభాలు. ద్రాక్ష పందిళ్ళకు ఇప్పటికీ రాతి కూసాలే నిలబెడతారు. ఒక కూసం ఇంటి నుంచి పందిరికీ, పందిరి నుంచి కంచెకూ మారుతూ రెండు మూడు తరాలు పనిచేస్తుంది. రాతిని రాయిగానే వాడితే అది మళ్ళీ మళ్ళీ చేతికొస్తుంది. కాంక్రీటులో కలిసిన కంకర అంత సులువుగా తిరిగి రాదు.

ఇసుక పేరుతో పొలం

నంది కొండల చుట్టూ ఉత్తర పినాకిని, దక్షిణ పినాకిని, చిత్రావతి పుడతాయి. కానీ జిల్లాలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. వాగుల్లో ఇసుక అయిపోయాక బెంగళూరు గ్రామీణ, కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల్లో ఫిల్టర్ ఇసుక దందా మొదలైంది. పొలం మట్టినో చెరువు మట్టినో తవ్వి, బోరునీళ్ళు పారించి, బంక కొట్టుకుపోయాక మిగిలిన రేణువులను ఇసుకగా అమ్మేస్తారు. ఆ మట్టి మళ్ళీ పంటకు పనికిరాదు. తోడిన నీళ్ళు తిరిగి రావు. బంక పూర్తిగా వదలని ఆ ఇసుకతో వేసిన శ్లాబు కూడా గట్టిగా ఉండదు. ఒక ఇంటి కోసం ఒక పొలాన్ని చంపి, ఆ ఇంటికీ మేలు చేయని పని ఇది. నిషేధాలు, కేసులు, దాడులు వచ్చినా చాలాకాలం ఆగలేదు.

ఎం-శాండ్ రాక ఆ దారుణానికి చాలావరకు అడ్డుకట్ట వేసింది. రాయిని నిలువు షాఫ్టు యంత్రంలో ఒకదానితో ఒకటి కొట్టించి, రేణువుల అంచులు అరిగేలా చేసి, జల్లెడ పట్టి తయారుచేసేదే అసలు ఎం-శాండ్. 2016లో సవరించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 383 ప్రకారం అందులో 75 మైక్రాన్ల కన్నా సన్నని పొడి 15 శాతానికి మించకూడదు. క్రషర్ కింద మిగిలిన ధూళిని ఎం-శాండ్ అని అమ్మితే ఆ పొడి నీళ్ళను పీల్చేసి, సిమెంటు ఎక్కువ తినేస్తుంది. సిమెంటు ఎక్కువ పడితే కార్బనూ ఎక్కువే. మేస్త్రీ గుప్పిట్లోకి తీసుకుని చూసే ఆ ఇసుక నాణ్యత, దూరాన తాడిపత్రి బట్టీలో కాలే బొగ్గును కూడా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. కాంక్రీటుకు మామూలు సిమెంటయితే కనీసం ఏడు రోజులు, బూడిద కలిసిన సిమెంటయితే పది రోజులు క్యూరింగ్ చేయాలని ఐఎస్ 456 చెబుతుంది. చిక్కబళ్ళాపురం జిల్లాలో ఏటా తోడే భూగర్భ జలం ఇంకే నీటిని మించిపోతుంది. బాగేపల్లి, చింతామణి వైపు లోతు బోర్లలో ఫ్లోరైడు సమస్య కొత్తది కాదు. 2024 మార్చిలో బెంగళూరు నీటి ఎద్దడిలో చిక్కుకున్నప్పుడు అక్కడి జలమండలి నిర్మాణాలకు తాగునీరు వాడకూడదని ఆదేశించి, ఉల్లంఘిస్తే 5,000 రూపాయల జరిమానా పెట్టింది. కట్టుబడికి శుద్ధిచేసిన మురుగునీరు చాలని నగరం అప్పుడు ఒప్పుకుంది. ఆ నియమం ఎద్దడితో పాటు పోకుండా, ఊరి పంచాయతీల దాకా రావాలి.

అలాంటి నీరు ఈ జిల్లాకు ఇప్పటికే వస్తోంది. హెబ్బాళ-నాగవార లోయ పథకం కింద బెంగళూరులో శుద్ధిచేసిన నీటిని రోజుకు 21 కోట్ల లీటర్ల చొప్పున 65 చెరువులకు పంపాలన్నది లక్ష్యం. వాటిలో ఎక్కువ భాగం చిక్కబళ్ళాపురం జిల్లాలోవే. ఏళ్ళ తరబడి ఎండిన చెరువుల్లో నీళ్ళు చూసి రైతులు సంతోషించారు. ద్వితీయ దశ శుద్ధితో సరిపెట్టకుండా తృతీయ దశ దాకా శుద్ధిచేసి పంపమని నీటి ఉద్యమకారులు అడుగుతూనే ఉన్నారు. ఆ డిమాండు న్యాయమైనది. కొండను తీసుకున్న నగరం తిరిగి పంపేది మంచినీరు కాకపోయినా, భయం లేకుండా పొలానికి పారించుకోగలిగేదైనా కావాలి.

వాననీటిని పట్టడం ఈ సీమకు కొత్త విద్య కాదు. గుడిబండ కోట మీద బండల్లోనే తొలిచిన దొనెలు ఒకదాని నుంచి ఒకదానికి నీళ్ళు దించుకుంటూ కోటకు నీరిచ్చేవి. ఇప్పుడు వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే 65,000 లీటర్లు అవుతుంది. అందులో కొంత పోయినా యాభైవేల లీటర్లు తొట్టిలోకి దించుకోవచ్చు. ఫ్లోరైడు లేని నీళ్ళు అవి. ఇల్లు కట్టేటప్పుడే ఒక పైపు, ఒక వడపోత గుంత, ఒక తొట్టి పెట్టుకుంటే అయ్యే పని. పూర్తయిన ఇంటికి తర్వాత తగిలించబోతే ఖర్చు రెట్టింపు.

ముద్దేనహళ్ళి బిడ్డ వాడిన గార

సిమెంటులో కార్బన్ ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే మందు ఎక్కడుందో తెలుస్తుంది. సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడికి గురిచేస్తే సిమెంటుకు మూలమైన క్లింకర్ తయారవుతుంది. బొగ్గు కాలడం వల్ల వచ్చే పొగ ఒక భాగమే. సిమెంటు తయారీలో వెలువడే కార్బన్ డయాక్సైడులో దాదాపు 60 శాతం సున్నపురాయి తనలోంచే విడిచిపెడుతుంది. బట్టీకి సౌర విద్యుత్తు పెట్టినా ఆ భాగం తగ్గదు. క్లింకర్ వాడకమే తగ్గించాలి.

చిక్కబళ్ళాపురానికి కూతవేటు దూరంలోని ముద్దేనహళ్ళిలో 1861లో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం నుంచి వలస వచ్చిన తెలుగు కుటుంబం వారు. ఆయన మైసూరు చీఫ్ ఇంజనీరుగా ఉన్నప్పుడు 1911లో మొదలై 1931లో పూర్తయిన కృష్ణరాజసాగర ఆనకట్ట సుర్కీ గారతో కట్టినది. సున్నంలో, కాల్చి మెత్తగా దంచిన మట్టిని కలిపితే వచ్చే గార అది. నీళ్ళలో ఉన్నకొద్దీ గట్టిపడుతుంది. ఆ ఆనకట్ట ఇప్పటికీ కావేరి నీళ్ళను పట్టి నిలబడే ఉంది.

ఇప్పుడు ప్రపంచమంతా ఆశగా చూస్తున్న ఎల్‌సీ3 సిమెంటులోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. స్విట్జర్లాండు లోజాన్‌లోని సాంకేతిక విశ్వవిద్యాలయం, మన ఐఐటీలు కలిసి పనిచేసిన ఈ సిమెంటులో క్లింకర్ సగమే. సుమారు 30 శాతం కాల్చిన బంకమట్టి, 15 శాతం కాల్చని సున్నపురాతి పొడి, మిగిలినది జిప్సం. మట్టిని కాల్చడానికి 800 డిగ్రీల లోపు వేడి చాలు. మామూలు సిమెంటుతో పోలిస్తే కార్బన్ 40 శాతం దాకా తగ్గుతుంది. మన ప్రమాణాల సంస్థ 2023లో దీనికి ఐఎస్ 18189 ఇచ్చింది. ప్రమాణం వచ్చింది గనుక ప్రభుత్వ పనుల్లో వాడటానికి అడ్డు లేదు. విశ్వేశ్వరయ్య జన్మదినమైన సెప్టెంబరు 15న ఏటా ఇంజనీర్ల దినం జరుపుకునే శాఖలు ఆయన సొంత జిల్లాలో ఒక పాఠశాల భవనాన్నైనా ఈ సిమెంటుతో కట్టి చూపాలి.

సిమెంటు అతి తక్కువగా పడే దారి ఇంకొకటి ఉంది. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో ఎ.కె.ఎన్. రెడ్డి నాయకత్వాన అస్త్ర అనే గ్రామీణ సాంకేతిక కేంద్రం పుట్టింది. అక్కడ కె.ఎస్. జగదీశ్, బి.వి. వెంకటరామరెడ్డి స్థిరీకరించిన మట్టి దిమ్మెల మీద దశాబ్దాలు పనిచేశారు. ఎర్రమట్టిలో తగినంత ఇసుక ఉండేలా చూసి, ఏడెనిమిది శాతం సిమెంటు కలిపి, చేతితో నడిపే యంత్రంలో అదిమితే దిమ్మె తయారవుతుంది. బట్టీ అక్కర్లేదు. 2003లో వాళ్ళిద్దరూ ప్రచురించిన లెక్క ప్రకారం కాంక్రీటు ఫ్రేముతో కట్టిన బహుళ అంతస్తుల భవనంలో చదరపు మీటరుకు 4.21 గిగాజౌళ్ళ శక్తి ఇమిడి ఉంటుంది. కాల్చిన ఇటుక గోడల ఇంటికి 2.92. మట్టి దిమ్మెల ఇంటికి 1.61. ఫ్రేము భవనంతో పోలిస్తే 62 శాతం తక్కువ.

ఈ దిమ్మెలకు పనికొచ్చే ఎర్రమట్టి బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం తాలూకాల్లో పుష్కలం. అయినా వాటితో కట్టిన ఇళ్ళు బెంగళూరు శివార్లలో చదువుకున్నవాళ్ళ కాలనీల్లోనే ఎక్కువగా కనిపిస్తాయి. బాగేపల్లిలో సొంత ఇల్లు కట్టుకునే రైతు కూలీ సాలిడ్ బ్లాకులూ ఆర్‌సీసీ మిద్దే అడుగుతాడు. అతన్ని తప్పుపట్టడానికి లేదు. మట్టిమిద్దె కారినప్పుడు ఏటా చవుడు పోసిన కష్టం, చెదలు, వానకు కూలిన గోడలు అతని ఇంట్లోవాళ్ళకు గుర్తున్నాయి. కాంక్రీటు ఇల్లంటే మర్యాద, పెళ్ళి సంబంధం, బ్యాంకు అప్పు. మట్టి దిమ్మె పాత మట్టిగోడ కాదని అతను నమ్మాలంటే తాలూకా కేంద్రంలో కళ్ళెదుట కట్టి ఇరవై వానలు తట్టుకున్న భవనం ఉండాలి. ఉపన్యాసాలతో అయ్యే పని కాదు.

పట్టుపురుగు చెప్పే తీర్పు

శిడ్లఘట్ట, చింతామణి చుట్టూ ఇల్లు చల్లగా ఉందా లేదా అన్నది పట్టుపురుగు బతుకే తేలుస్తుంది. పెద్ద పురుగులకు 24, 25 డిగ్రీల చల్లదనం, 65-70 శాతం తేమ కావాలి. మట్టిగోడలు, పెంకుల కప్పు ఉన్న పాత సాకుడు గదులు ఆ చల్లదనాన్ని చాలావరకు వాటంతటవే ఇచ్చేవి. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం పురుగు తట్టుకోలేదు. రైతులు రేకుల మీద కొబ్బరి మట్టలు పరుస్తారు, గోనెపట్టలు తడిపి వేలాడదీస్తారు. సాకుడు గదులకు ప్రభుత్వ రాయితీలు ఉన్నాయి. ఆ రాయితీ ఇచ్చే నమూనాల్లో మట్టి దిమ్మె గోడ, గాలి ఆడే పైకప్పు ముందు వరుసలో ఉంటే ఫలితం ఏ రేటింగ్ సంస్థా చెప్పక్కర్లేదు. గూళ్ళ బరువే చెబుతుంది.

లెక్క రాయడం ఊరివాళ్ళకు చేతకాదనే మాటకు బాగేపల్లే జవాబు. 1977లో పని మొదలుపెట్టిన అడాట్స్ సంస్థ, దానితో నడిచిన బాగేపల్లి కూలీ సంఘం కలిసి 5,500 ఇళ్ళకు బయోగ్యాస్ తొట్లు కట్టే పథకాన్ని క్యోటో ఒప్పందం కింది స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగంలో 2005 డిసెంబరులో నమోదు చేయించాయి. పేడ నీళ్ళతో నడిచే ఆ పొయ్యి ఎంత కట్టెను, ఎంత పొగను తప్పించిందో ఇంటింటి లెక్కగా రాసి చూపించారు. భూమిలో గుమ్మటం కట్టడం నేర్చుకున్న మేస్త్రీలు ఆ పల్లెల్లోనే తయారయ్యారు. కూలీ మహిళల వంటింటి పొగను టన్నుల్లో లెక్కించి అంతర్జాతీయ మార్కెట్టులో నిలబెట్టిన తాలూకాలో, ఒక కొత్త ఇంటి గోడలో ఎంత సిమెంటు మిగిలిందో లెక్కించడం అసాధ్యం కాదు.

అడ్డంకులు ఎక్కువగా చిన్న కాగితాల్లో ఉన్నాయి. ప్రభుత్వ ధరల పట్టికలో సాలిడ్ బ్లాకుకూ ఆర్‌సీసీకీ రేటు సిద్ధంగా ఉంటుంది, మట్టి దిమ్మెకు జూనియర్ ఇంజనీరు కొత్తగా అంచనా రాయాలి. ఆడిట్లో ప్రశ్న వస్తుందని రాయడు. ఇంటి పథకాల డబ్బు పునాది, లింటెల్, పైకప్పు దశల్లో ఫొటో చూసి విడుదలవుతుంది గనుక తెలిసిన పద్ధతే అందరికీ సులువు. పొదుపుగా గోడ కట్టగల మేస్త్రీకి రోజుకూలి ఎక్కువేమీ రాదు. సెంట్రింగ్ కింద నిలబెట్టే నీలగిరి బొంగుల సంగతీ అంతే. భూగర్భ జలాన్ని పీలుస్తుందని రాష్ట్రం 2017లో నీలగిరి సాగును ఆపింది. అయినా బొంగుల గిరాకీ తగ్గకపోవడంతో పాత మోళ్ళ నుంచి చిగుళ్ళు వేసిన చెట్లు ఇంకా కోతకు వస్తున్నాయి. ఇనుప జాకీలు అద్దెకు దొరికే చోట ఆ గిరాకీ దానంతటదే తగ్గుతోంది.

శిథిలాల మీద 2016లో కేంద్రం నియమాలు తెచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యేలా వాటిని మరింత కఠినంగా తిరగరాసింది. పెద్ద కట్టడాల యజమానులు తమ శిథిలాలలో కొంత భాగాన్ని తప్పనిసరిగా తిరిగి వాడకంలోకి పంపాలి. ఐఎస్ 383 శిథిలాల కంకరను ఇప్పటికే అనుమతిస్తోంది. చింతామణి లాంటి పట్టణంలో పాత ఇల్లు కూలిస్తే ట్రాక్టరు నేరుగా చెరువు కట్ట దగ్గరికో రోడ్డు పక్క గుంతకో వెళ్తుంది. ఆ దారిని మళ్ళించడానికి ఒక చిన్న క్రషర్, తూకం, రోడ్డు పనుల కాంట్రాక్టులో దాని వాడకం తప్పనిసరి చేసే ఒక వాక్యం చాలు.

డబ్బు ఎక్కడిది అంటే, గనులున్న జిల్లాల కోసం 2015 చట్ట సవరణతో పుట్టిన జిల్లా ఖనిజ ప్రతిష్ఠాన నిధి ఉంది. తాగునీరు, పర్యావరణం, ఆరోగ్యం, నైపుణ్య శిక్షణ దాని అగ్ర ప్రాధాన్యాల్లో రాసి ఉన్నాయి. పేరేసంద్ర కొండ నుంచి పోయిన ప్రతి టిప్పరు ఆ నిధికి కొంత కారణం అవుతుంది. దానిలోంచి బాగేపల్లిలో ఒక దిమ్మెల యంత్రం, చింతామణిలో ఒక శిథిలాల క్రషర్, క్వారీ ఊళ్ళలో ఊపిరితిత్తుల పరీక్షా కేంద్రం, వందమంది మేస్త్రీలకు ఏడాది పొడవునా శిక్షణ కోరుతూ పంచాయతీలు తీర్మానాలు చేయవచ్చు. ఆ తీర్మానాల కాపీలు జిల్లా కలెక్టరు అధ్యక్షతన జరిగే సమావేశానికి చేరాలి, ఏ కొండకు ఎంత వచ్చింది, ఆ కొండ చుట్టూ ఎంత ఖర్చయింది అన్న రెండు అంకెలు పక్కపక్కన ఊరి పంచాయతీ బోర్డు మీద రాయాలి.